నరం పోయాక కూడా చెవిలో హోరు ఎక్కడి నుంచి వస్తుంది?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కుడి చెవి నరం మీద గడ్డ, రెండేళ్ళ కిందట ఆపరేషన్. గడ్డ మొత్తం తీసేశారు, దానితోపాటు ఆ చెవికి వినికిడీ పూర్తిగా పోయింది. వినిపించని ఆ చెవిలోనే రాత్రింబగళ్ళు ‘సుయ్’మనే చప్పుడు. పైగా కళ్ళు బాగా కుడివైపుకు తిప్పినప్పుడు ఆ చప్పుడు సన్నబడి పైకి లేస్తుంది. ఈ మాట ఒక డాక్టరుతో అంటే ఆయన నవ్వి, ‘అదంతా మీ మనసులోదే, పట్టించుకోకండి’ అన్నారు. ఇటీవల ఇలాంటి రోగుల మెదడులో ప్రత్యేకమైన కదలికలు కనిపించాయని ఎక్కడో చదివారు. ఇప్పుడు మీ సందేహాలు రెండు: నరమే లేనప్పుడు చప్పుడు ఎక్కడి నుంచి వస్తోంది? 20 వేలు పెట్టి ‘బ్రెయిన్ మ్యాపింగ్’ చేయించుకుంటే అసలు సంగతి తేలుతుందా?

నేను ఆడియాలజిస్టును, ఈ పనిలో ఇరవై రెండేళ్ళు గడిచాయి. ఆపరేషన్లు చేసేది నేను కాదు. చేయించుకుని వచ్చినవారిని కూర్చోబెట్టి, వినికిడి కొలిచి, వారు చెప్పేది వినడం నా పని. అందుకే ముందుగా ఒక మాట చెప్పేస్తాను. కళ్ళు తిప్పితే హోరు మారడం మీ ఊహ కాదు. వైద్యశాస్త్రంలో దానికొక పేరుంది, ‘గేజ్ ఎవోక్డ్ టిన్నిటస్’ అంటే చూపు తిప్పితే వచ్చే, లేదా మారే హోరు. దాని మీద పరిశోధనలు జరిగాయి. వాటిలో పాల్గొన్నవారు సరిగ్గా మీలాంటివారే, అంటే చెవి నరం గడ్డ తీయించుకుని ఒక చెవి పోగొట్టుకున్నవారు. ఆ డాక్టరు నవ్వకుండా ఉండవలసింది.

గడ్డ సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే తరువాతి కథంతా దాని మీదే నిలబడింది. చెవి నుంచి మెదడుకు వెళ్ళే ఎనిమిదో కపాల నాడిలో రెండు భాగాలుంటాయి. ఒకటి వినికిడికి, రెండోది మనిషి తూలిపోకుండా నిలబెట్టే తూకానికి. రెండూ కలిసి సుమారు ఒక సెంటీమీటరు పొడవుండే ఎముక గొట్టం గుండా ముఖం నరంతో పాటు మెదడు కాండంలోకి, అంటే మెదడును వెన్నుపాముతో కలిపే భాగంలోకి చేరతాయి. నరాల చుట్టూ తొడుగు అల్లే ష్వాన్ కణాలు అదుపు తప్పి పెరిగితే ఈ గడ్డ తయారవుతుంది. అది ఎక్కువగా మొదలయ్యేది తూకం చూసే భాగం మీద. పాతకాలంలో దీన్ని ‘అకౌస్టిక్ న్యూరోమా’ అన్నారు. పుట్టేది వినికిడి భాగం మీదా కాదు, అది న్యూరోమా కూడా కాదు; ఒక్క పేరులో రెండు తప్పులు. ఇప్పటి పేరు వెస్టిబ్యులర్ ష్వానోమా. ఇది క్యాన్సర్ కాదు. చాలా నిదానంగా పెరుగుతుంది, కొన్ని ఏళ్ళ తరబడి అసలు పెరగవు. అందుకే చిన్న గడ్డలను చాలామంది డాక్టర్లు వెంటనే ముట్టుకోకుండా ఎమ్మారైలతో కనిపెట్టి చూస్తారు. రెండు చెవుల వైపూ వస్తే మాత్రం అది 22వ క్రోమోజోములోని జన్యులోపంతో వచ్చే వేరే జబ్బు. మీది ఒకవైపే కాబట్టి దాన్ని పక్కన పెడదాం.

ఈ గడ్డ ఉన్నవారిలో సగానికి చాలా మించిన మందికి చెవిలో హోరు ఉంటుంది. అయితే గడ్డ పరిమాణానికీ హోరు తీవ్రతకూ లంకె కుదరదు. వేలిగోరంత గడ్డతో నిద్రకు దూరమైనవారిని చూశాను. నిమ్మకాయంత గడ్డ పెట్టుకుని ‘చప్పుడా? ఏ చప్పుడూ లేదే’ అన్నవారినీ చూశాను. వినికిడి తగ్గడం కూడా అంతే. నరాన్ని నొక్కడం ఒక్కటే కారణమైతే పెద్ద గడ్డలకే చెవుడు ఎక్కువగా రావాలి, కానీ అలా జరగడం లేదు. కొన్ని గడ్డలు స్రవించే పదార్థాలే లోపలి చెవి కణాలను పాడుచేయగలవని 2015లో బోస్టన్ పరిశోధకులు చూపించారు. హోరు పెరిగిందంటే గడ్డ తిరిగి పెరిగిందేమోనని నా దగ్గరకు వచ్చేవారు చాలామంది బెంబేలెత్తిపోతారు. హోరు పెరగడం గడ్డ పెరగడానికి కొలబద్ద కాదు. డాక్టరు చెప్పిన గడువుకు చేయించే ఎమ్మారై మాత్రమే ఆ సంగతి చెప్పగలదు. దాన్ని మాత్రం మానకండి.

ఇక మొదటి ప్రశ్న.

చప్పుడు నరంలోనే పుడుతున్నట్టయితే నరం తెంపేస్తే ఆగిపోవాలి. ఒకప్పటి సర్జన్లు కూడా ఇలాగే ఆలోచించారు. భరించలేని హోరుకు మందుగా వినికిడి నరాన్నే కోసి చూశారు. ఫలితం నమ్మదగినదిగా తేలలేదు. మీవంటి గడ్డల ఆపరేషన్లలో ఒక పద్ధతి ఉంది. చెవి వెనక ఎముకను తొలిచి, లోపలి చెవి భాగాన్ని కూడా తొలుచుకుంటూ గడ్డను చేరతారు. ఆ దారిలో వెళితే ఆ చెవి వినికిడిని పూర్తిగా వదులుకున్నట్టే. అలా చేయించుకున్నవారిలో కొందరికి హోరు తగ్గుతుంది, చాలామందికి అలాగే ఉంటుంది, కొందరికి పెరుగుతుంది. ఆపరేషన్‌కు ముందు హోరు అంటే ఏమిటో ఎరగని కొందరికి తరువాత కొత్తగా మొదలవుతుంది. అంటే చెవి దగ్గర తీగ తెగిపోయినా చప్పుడు ఆగలేదు. పుట్టుక ఇంకెక్కడో ఉంది.

అది మెదడులో ఉంది. ‘మనసులో ఉంది’ అనే మాటకూ దీనికీ చాలా దూరం ఉంది, దయచేసి రెండింటినీ కలపకండి. చెయ్యి తెగిపోయిన మనిషి లేని చేతి వేళ్ళు నొప్పి పెడుతున్నాయంటే ఇప్పుడు ఏ డాక్టరూ నవ్వడు. మీ చెవిది కూడా అదే కోవ.

మెదడులోని వినికిడి కణాలు చప్పుడు లేనప్పుడు కూడా ఊరికే కూర్చోవు. ఎప్పుడూ తక్కువ స్థాయిలో మినుకుమినుకుమంటూనే ఉంటాయి. ఆ మినుకును అణిచిపెట్టి ఉంచే కణాలు వేరే ఉంటాయి. చెవి నుంచి నిరంతరం వచ్చే సంకేతాల ఆధారంగానే ఈ రెండింటి మధ్య తూకం కుదురుతుంది. ఒకవైపు నుంచి సంకేతాలు ఆగిపోయినప్పుడు మెదడు దాన్ని నిశ్శబ్దంగా తీసుకోదు. ఏదో రావలసింది రావడం లేదనుకుని తన సున్నితత్వాన్ని పెంచుకుంటుంది, అణిచే కణాల పట్టు సడలుతుంది. ముఖ్యమైన ఫోను కోసం ఎదురుచూస్తున్నప్పుడు జేబులో ఫోను మోగకపోయినా మోగినట్టు అనిపించి తడుముకుంటాం కదా, దాదాపు అలాంటిదే. తేడా ఏమిటంటే ఇక్కడ ఆ ఫోను ఇక ఎప్పటికీ రాదు, మెదడు తడుముకోవడం మానదు.

ఇది జబ్బుపడిన మెదళ్ళకే పరిమితం కూడా కాదు. 1953లో హెల్లర్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు వినికిడి బాగున్న 80 మందిని చప్పుడు చొరబడని గదిలో కూర్చోబెట్టి ఏమైనా వినిపిస్తే చెప్పమన్నారు. 94 శాతం మంది ఏదో ఒక చప్పుడు వినిపించిందన్నారు. గుయ్‌మనడం, కీచురాయి, హోరు, ఇలా ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పారు. మన పరీక్ష గదిలోనూ ఇది జరుగుతుంది. తలుపు వేసిన నిమిషానికి ‘అమ్మా, మీ యంత్రం గుయ్‌మంటోంది’ అంటారు కొందరు. యంత్రం అప్పటికి ఇంకా ఆన్ చేసి ఉండను.

మీ కన్ను సంగతికి వస్తాను. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది ఇదే.

హోరును పరిశోధించడంలో ఒక పెద్ద చిక్కు ఉంది. హోరు ఉన్న మనిషినీ లేని మనిషినీ పక్కపక్కన పెట్టి మెదళ్ళు పోలిస్తే తేడాలు బోలెడు కనిపిస్తాయి. అవి హోరు వల్ల వచ్చినవా, చెవుడు వల్లా, వయసు వల్లా, నిద్రలేమి వల్లా, దిగులు వల్లా? విడదీయడం కష్టం. 2010లో బోస్టన్ పరిశోధకుల ఫలితం ఒకటి అందరికీ చురక పెట్టింది. హోరుకు గుర్తు అనుకుంటున్న మెదడు కాండపు అతిచురుకుదనం చాలావరకు, మామూలు చప్పుళ్ళు కూడా పెద్దగా వినిపించి బాధపెట్టే వేరే లక్షణానికి సంబంధించినదని వారు చూపించారు. అంతకుముందు వచ్చిన పత్రాలను ఆ తరువాత మళ్ళీ జాగ్రత్తగా చదువుకోవలసి వచ్చింది.

చెవి నరం గడ్డ ఉన్నవారు పరిశోధకులకు ఇక్కడే ఉపయోగపడతారు. దెబ్బ ఏ వైపు తగిలిందో, ఎక్కడ తగిలిందో, ఆపరేషన్ అయితే ఏ తేదీన తగిలిందో కూడా తెలుసు. అవతలి చెవి మామూలుగానే ఉంటుంది. ఒకే తరహా గడ్డ, ఒకే తరహా చెవుడు ఉన్నవారిలో హోరు ఉన్నవారు ఒక జట్టు, లేనివారు మరో జట్టు. అప్పుడు రెండు జట్లకూ మధ్య కనిపించే తేడాను చెవుడు మీదికి నెట్టేయలేం. లోపం లేదని కాదు. ఈ రోగుల్లో తూకం కూడా పోతుంది, గడ్డ పెద్దదైతే మెదడు కాండాన్ని ఒత్తుతుంది, ఆపరేషన్ తన గుర్తులు తాను వదులుతుంది. అయినా ఉన్నంతలో ఇది మంచి పోలిక.

మీలాంటివారు అంతకన్నా అరుదైన అవకాశం ఇస్తారు. వేరే మనిషితో పోల్చనవసరమే లేదు. ఒకే మనిషి, ఒకే మెదడు. నేరుగా చూస్తే హోరు ఒకలా, పక్కకు చూస్తే మరోలా. మీ హోరుకు మీ చేతిలోనే, కాదు, మీ కంట్లోనే ఒక మీట ఉంది. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రం పరిశోధకులు 2012లో సరిగ్గా ఈ మీటనే వాడుకున్నారు. కళ్ళు తిప్పితే హోరు మారే 18 మందిని ఎమ్మారై యంత్రంలో పడుకోబెట్టి, నేరుగానూ పక్కలకూ చూపు నిలపమని చెప్పి, ఆ సమయంలో మెదడులో ఏ భాగం ఎంత పనిచేస్తోందో కొలిచారు. పడుకోబెట్టే ఈ యంత్రం మామూలు ఎమ్మారై లాంటిదే, కానీ తీసేది బొమ్మను కాదు. రక్తంలోని ఆక్సిజన్ మార్పులను బట్టి ఏ భాగం చురుగ్గా ఉందో అంచనా వేస్తుంది.

హోరు పెరిగిన సమయంలో చెవి నరం మెదడులోకి చేరగానే వచ్చే మొదటి మజిలీ అయిన కాక్లియర్ న్యూక్లియస్‌లోనూ, ఆ పైన ఇన్‌ఫీరియర్ కొలిక్యులస్ అనే మజిలీలోనూ చురుకుదనం పెరిగింది. ఇంకా పైన థాలమస్‌లోని వినికిడి భాగంలో మాత్రం తగ్గింది. అన్నిటికన్నా పైన ఉండే మెదడు పొరలోని వినికిడి ప్రాంతంలో మామూలుగా జరగవలసిన అణచివేత తగ్గింది. ఈ చివరి మాట కొంచెం విడమరచాలి. మనం చూపును ఒక పక్కకు గట్టిగా నిలిపినప్పుడు మెదడు మామూలుగా వినికిడి ప్రాంతాన్ని కాస్త నెమ్మదింపజేస్తుంది. ఏకాగ్రతగా సూదిలో దారం ఎక్కించే మనిషిని పిలిస్తే పలకకపోవడం మనం చూసేదే. కంటి చూపుతో హోరు మారేవారిలో ఈ నెమ్మదింపు సరిగా జరగడం లేదని 2001లో అమెరికాలో జరిగిన మరో పరిశోధన కూడా చెప్పింది. వారు వాడింది వేరే రకం స్కాన్. రెండు భిన్నమైన పద్ధతులు ఒకే వైపు వేలు చూపడం నాకు నమ్మకం కలిగించిన విషయం.

కన్ను కదలికకు వినికిడితో పనేమిటి అంటారా? మెదడు కాండం చాలా ఇరుకైన చోటు. కళ్ళను ఒక పక్కకు నిలిపి ఉంచే కణాలు, తూకం చూసే కణాలు, వినికిడి మొదటి మజిలీ అన్నీ అక్కడ గోడకు గోడ ఆనించుకుని ఉంటాయి. చెవి నుంచి రావలసిన తీగలు ఎండిపోయాక ఖాళీ అయిన చోటును పక్కింటి తీగలు వాడుకోవడం మొదలుపెడతాయనీ, దానితో కంటి సంకేతం వినికిడి కణాలను కూడా తడుతుందనీ పరిశోధకుల ఊహ. దవడ బిగించినా, మెడ తిప్పినా హోరు మారేవారు ఇంకా ఎక్కువమంది ఉంటారు. అక్కడ పని చేసేది ముఖం, మెడల స్పర్శ నరాలు. వినికిడి మొదటి మజిలీకి వాటి నుంచి తీగలు వెళ్ళడం పుట్టుకతోనే ఉంది, కొత్తగా అల్లుకున్నది కాదు.

ఇవన్నీ చదివి మెదడులో ఒక ‘హోరు బిందువు’ ఉంటుందని అనుకోకండి. 2015లో ఒక పత్రం వచ్చింది. అందులోని మనిషికి చెవి గడ్డ లేదు. మూర్ఛకు చికిత్స కోసం అమెరికాలోని అయోవాలో అతని మెదడు మీద ఎలక్ట్రోడ్లు అమర్చారు. అతనికి హోరు కూడా ఉంది. కొంతసేపు పెద్ద చప్పుడు వినిపించి ఆపితే హోరు కాసేపు తగ్గుతుంది, చాలామందికి ఇలా జరుగుతుంది. అలా తగ్గినప్పుడు ఎలక్ట్రోడ్లు చెప్పిందేమిటంటే, మార్పు వినికిడి ప్రాంతంలో మాత్రమే కాదు, మెదడులో విస్తారమైన భాగమంతటా జరిగింది. నిజమైన చప్పుడు వినిపించినప్పటి మార్పు అంత దూరం పాకలేదు. అంతకు పదేళ్ళ ముందు 2005లో జర్మనీలోని కాన్‌స్టంజ్ పరిశోధకులు మెదడు అయస్కాంత తరంగాలను కొలిచి, హోరు ఉన్నవారిలో చెవుల పైభాగపు ప్రాంతంలో విశ్రాంతికి గుర్తయిన ఆల్ఫా తరంగం బలహీనపడి, నెమ్మది తరంగాలు బలపడడం చూశారు. హోరు వల్ల పడే బాధ ఎంత ఎక్కువైతే ఈ తేడా అంత ఎక్కువగా ఉంది.

బాధ అన్నాను, గట్టిదనం అనలేదు, గమనించారా? నా వృత్తిలో నేను నేర్చుకున్న పాఠాల్లో ఇది పెద్దది.

హోరు ఎంత గట్టిగా ఉందో మేము కొలుస్తాం. యంత్రంతో ఒక స్వరం వినిపించి, ‘ఇది మీ చప్పుడు కన్నా ఎక్కువా, తక్కువా’ అని అడుగుతూ సరిపోల్చుతాం. మీకు కుడి చెవి లేదు కాబట్టి ఎడమ చెవిలో వినిపించి అడుగుతాం. ‘రైలు ఇంజను’ అనీ ‘ఆగకుండా ప్రెషర్ కుక్కర్’ అనీ చెప్పినవారి హోరు కూడా కొలతలో సాధారణంగా వినికిడి గడప (చెవికి వినిపించే కనీస స్థాయి) దాటి 10 డెసిబెల్స్ పైన ఉండదు. గుసగుస కన్నా తక్కువ. అబద్ధం చెబుతున్నారని కాదు అర్థం. నా దగ్గరకు ఇద్దరు వచ్చేవారు, ఒకే ఏడాదిలో ఆపరేషన్లు అయినవారు. ఒకాయన బడిపంతులు, ఒకావిడ టైలరు. కొలతలో పంతులుగారి హోరు తక్కువ, ఆవిడది ఎక్కువ. ఆవిడ మిషను మీద కూర్చుంటే మరిచిపోతానని అనేవారు. పంతులుగారు మాత్రం చెవిలో జోరీగ పడిన మనిషిలా తిరిగేవారు, ఆరు నెలలు తరగతి చెప్పలేకపోయారు. ఆయన భయం హోరు గురించి కాదు. గడ్డ మళ్ళీ వస్తోందని. ఎమ్మారైలో ఏమీ లేదని తేలిన నెలకు ఆయన హోరు కొలతలో ఒక్క డెసిబెల్ కూడా తగ్గలేదు, కానీ ఆయన నిద్రపోవడం మొదలుపెట్టారు.

హోరును వినిపించే వలయం ఒకటి, దాన్ని ప్రమాదంగా తీసుకునే వలయం మరొకటి. భయం, జాగరూకత, జ్ఞాపకాలకు చెందిన భాగాలు రెండోదానిలో ఉంటాయి. మొదటిదాన్ని నరాల మట్టంలో ఆపే మందు ఇప్పటికి లేదు. రెండోది మాత్రం మారుతుంది. ఇది ఓదార్పు మాట కాదు, చికిత్స మొత్తం నిలబడేది దీని మీదే.

బ్రెయిన్ మ్యాపింగ్ గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను: చేయించుకోకండి. పైన చెప్పిన ఫలితాలన్నీ జట్ల సగటులు, లేదా ఒకే మనిషిలో క్షణక్షణానికి మధ్య తేడాలు. పద్ధెనిమిది మంది సగటులో కనిపించిన నమూనా మీ ఒక్కరి తల మీద చదవడానికి పనికిరాదు. నెత్తిన తీగలు అతికించి తీసే ఈఈజీ అయితే మరీను. మీరు ముందు రాత్రి ఎంతసేపు నిద్రపోయారు, పొద్దున టీ తాగారా, కళ్ళు మూసుకున్నారా తెరిచారా అన్నదానితోనే ఆ గీతలు మారిపోతాయి. రంగురంగుల బొమ్మ చేతికిస్తారు, ఎర్రగా ఉన్నచోట మీ హోరు ఉందంటారు. ఆ తరువాత పది వారాల ‘శిక్షణ ప్యాకేజీ’ అంటారు. ఆ బొమ్మ ఏది చూపినా మీకు ఇవ్వవలసిన చికిత్స మారదు. చికిత్సను మార్చని పరీక్షకు డబ్బు పెట్టడం దండగ.

ఎమ్మారై మాట వేరు. అది గడ్డ కోసం, హోరును చూడడానికి కాదు. ఇది చదివే ఇతరుల కోసం ఒక మాట: ఒకే చెవిలో హోరు, లేదా ఒక చెవి వినికిడి మరోదానికన్నా స్పష్టంగా తగ్గడం ఉంటే ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష పటం) తీయించుకుని ఈఎన్‌టీ డాక్టరును కలవండి. అవసరమనిపిస్తే వారే ఎమ్మారై రాస్తారు. అలా స్కాన్ చేసినవారిలో గడ్డ బయటపడేది చాలా కొద్దిమందికే, కాబట్టి ముందే కంగారు పడకండి. చప్పుడుకు చెవి నరం, మెదడు కాండం ఇచ్చే విద్యుత్ స్పందనను కొలిచే బెరా పరీక్ష మా దగ్గర చేస్తాం. అది పెద్ద గడ్డలను పసిగడుతుంది కానీ చిన్నవాటిని తప్పిపోనిస్తుంది, అది బాగుందని నిశ్చింతగా ఉండిపోకూడదు. గుండె చప్పుడుతో తాళం వేస్తూ వినిపించే హోరు మరో దారి, దానికి రక్తనాళాలు చూడాలి.

మీరు చేయగలిగినవి చెబుతాను. మీ ఆపరేషన్ కాగితాల్లో వినికిడి నరం మిగిలిందా, తెగిందా అన్నది చూడండి. మిగిలి ఉంటే కాక్లియర్ ఇంప్లాంట్ (లోపలి చెవిలో అమర్చి వినికిడి నరానికి విద్యుత్ సంకేతాలు పంపే పరికరం) అనే దారి పూర్తిగా మూసుకుపోలేదు. ఒక చెవి చెవుడు, దానిలోనే భరించలేని హోరు ఉన్నవారికి ఇంప్లాంట్ పెడితే హోరు బాగా తగ్గిందని బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ డాక్టర్లు 2008లో ప్రచురించారు. మెదడుకు రావలసిన సంకేతం తిరిగి అందితే తడుముకోవడం తగ్గుతుందన్న పై వాదానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం లేదు. గడ్డ తీసిన చెవిలో అది ఎంతవరకు పనిచేస్తుందనేది నరం స్థితిని బట్టి ఉంటుంది, ఖర్చు కూడా తక్కువ కాదు. ఈ పని తరచుగా చేసే సర్జన్‌తోనే మాట్లాడండి. నరం తెగిపోయి ఉంటే ఇంప్లాంట్ ప్రసక్తి లేదు. మెదడు కాండం మీదే అమర్చే మరో పరికరం 1979 నుంచి ఉంది, కానీ అది ప్రధానంగా రెండు వైపులా గడ్డలు వచ్చి రెండు చెవులూ పోయినవారి కోసం. ఒక మంచి చెవి ఉన్న మీకు దాని కోసం పుర్రె తెరవమని నేను చెప్పను.

నరం లేకపోయినా క్రాస్ అనే వినికిడి యంత్రం పెట్టుకోవచ్చు. కుడివైపు చప్పుడును పట్టి ఎడమ చెవికి చేరవేస్తుంది. హోరును నేరుగా తగ్గించదు. కానీ పెళ్ళిళ్ళలో, బస్సులో కుడి పక్కన కూర్చున్నవారి మాట అందక మనిషి పడే అలసట తగ్గుతుంది, అలసట తగ్గితే హోరు గోలా తగ్గుతుంది. పూర్తి నిశ్శబ్దంలో పడుకోకండి. ఫ్యాను చప్పుడో, తక్కువ స్థాయిలో వాన చప్పుడో ఎడమ చెవికి అందేలా పెట్టుకోండి. హోరును ముంచేసేంత గట్టిగా వద్దు, దాని పక్కన ఇంకో చప్పుడు ఉంటే చాలు.

హోరు బాధకు ఇప్పటివరకు గట్టి ఆధారాలున్న చికిత్స కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ. మానసిక నిపుణుల దగ్గరకు వెళ్ళమంటే మళ్ళీ ‘మనసులోదే’ అన్నట్టు వినిపిస్తుందని తెలుసు. అలా కాదు. చప్పుడు నిజం. దాన్ని ప్రమాదంగా తీసుకునే వలయానికి శిక్షణ ఇవ్వడం ఆ చికిత్స ఉద్దేశం. అమెరికా ఈఎన్‌టీ డాక్టర్ల సంఘం 2014లో ఇచ్చిన మార్గదర్శకాలు దీన్ని సిఫారసు చేశాయి. అదే పత్రం గింకో (ఒక చెట్టు ఆకుల సారం), జింక్, మెలటోనిన్ వంటివి వాడవద్దనీ, తల మీద అయస్కాంత తరంగాలు పంపే చికిత్సను మామూలుగా చేయవద్దనీ చెప్పింది. మన మందుల షాపుల్లో చెవి హోరుకని గింకో మాత్రలు ఇప్పటికీ కట్టలు కట్టలుగా అమ్ముడుపోతున్నాయి. మెదడు లోతుల్లో ఎలక్ట్రోడు పెట్టి హోరును తగ్గించవచ్చేమోనని శాన్ ఫ్రాన్సిస్కోలో కొద్దిమంది మీద ప్రయోగాలు జరిగాయి. ఆసక్తికరమైనవే, కానీ మీకోసం సిద్ధంగా ఉన్న చికిత్స కాదు.

ఎడమ చెవిని కంటికి రెప్పలా చూసుకోండి. డీజే బాక్సుల పక్కన నిలబడకండి. ఆ చెవిలో వినికిడి ఉన్నట్టుండి తగ్గినట్టు అనిపిస్తే అది చలువ చేసిందనుకుని రోజులు గడపకుండా అదే రోజు ఈఎన్‌టీ దగ్గరకు వెళ్ళండి, మొదటి రోజుల్లో స్టెరాయిడ్ మందు ఇస్తే ఉపయోగం ఉండే అవకాశం ఉంది. హోరు వల్ల బతకాలని లేదనే ఆలోచన ఎప్పుడైనా వస్తే టెలి మానస్ 14416 నంబరుకు ఫోను చేయండి, తెలుగులో మాట్లాడతారు.

చివరగా కన్ను సంగతి. తిప్పినప్పుడు మారే ఆ హోరు కొందరికి కాలం గడిచేకొద్దీ నెమ్మదిస్తుంది, కొందరికి అలాగే ఉంటుంది. మాటిమాటికీ కళ్ళు తిప్పి ఉందో లేదో పరీక్షించుకోవడం మాత్రం మానండి. రోజుకు ఇరవైసార్లు పరీక్షిస్తే రోజుకు ఇరవైసార్లు మెదడుకు అది ముఖ్యమైన విషయమని మీరే చెబుతున్నట్టు. మెడ తిప్పితే మీ హోరు మారకపోతే, డ్రైవింగ్‌లో కుడి అద్దం చూడడానికి కళ్ళకు బదులు తల తిప్పండి. ఈసారి డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు ‘కళ్ళు తిప్పితే చెవిలో చప్పుడు మారుతోంది’ అని మాత్రమే చెప్పక, ‘నాకు గేజ్ ఎవోక్డ్ టిన్నిటస్ ఉంది, ష్వానోమా ఆపరేషన్ తరువాత మొదలైంది’ అనండి. జబ్బు పేరు వినగానే నవ్వడం ఆపి కాగితం తీసుకుంటారు. మీ ఆడియోగ్రామ్, ఆపరేషన్ వివరాల కాగితం ఫోటోలను పేరూ ఆసుపత్రి నంబరూ కనపడకుండా చెరిపి ఇక్కడ పెడితే, క్రాస్ యంత్రం మీకు కుదురుతుందో లేదో చూసి చెబుతాను.